శనివారం అర్జీలు

మునిలక్ష్మి టీచర్ మదనపల్లె నుంచి పుంగనూరు దాకా బస్సులో, అక్కడి నుంచి మా ఊరికి ఆటోలో వస్తారు. దారంతా పిల్లల నోటుపుస్తకాలు చదువుతారు. ఆటో దిగేటప్పుడు కూడా ఒక్కోసారి నవ్వుతూనే ఉంటారు. ఆటో నడిపే ధనుంజయ, "ఫోను సూడకుండా నవ్వే మనిషిని ఈమెనే సూసినా" అంటాడు.

ఆమె పుట్టింది కుప్పం దగ్గర. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం. చిన్నప్పుడు ఆమె రాసిన కథను, గైడులో లేదని వాళ్ల సారు కొట్టేశారట. ఆ సంగతి అన్నం తింటూ మా పాపక్కకు నవ్వుతూ చెప్పారు. పాపక్క టీచర్ పనిచేసే మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను ఆమెకు సాయం. నా చదువు తొమ్మిదితో ఆగిపోయింది. మేం గిన్నెలు తోమేది ఏడో తరగతి కిటికీ కిందే కాబట్టి టీచర్ పాఠాలు చాలావరకు విన్నాను.

ఈ జులైలో ఆమె శనివారం చివరి పీరియడు అడిగి తీసుకున్నారు, పిల్లలు సొంతంగా ఏదైనా రాసేందుకు. హెడ్మాస్టరు ఉమాశంకర్ సారు లెక్కలు కూడా చెబుతారు. "మూడు వారాలు సూస్తానమ్మా. ఊరికే కాగితాలు నింపేదైతే ఆ పీరియడు నా లెక్కలకు ఇచ్చేయాల" అన్నారు.

మొదటి వారం అందరూ గైడులో ఉన్నదే రాశారు. ముప్పైఒక్క మంది రాతల్లోనూ ఊరి పక్కన ఒకే నది గలగలా పారింది. మా ఊరికి నది లేదు.

రెండో వారం టీచర్ గైడులు సంచుల్లో పెట్టించి, "నిన్న మీ ఇంట్లో జరిగింది రాయండప్పా" అన్నారు. ఎవరి పెన్నూ కదలలేదు. మణికంఠ ఒక్కడే గబగబా రాసిచ్చాడు. టీచర్ పైకి చదివారు.

"గౌరవనీయులైన టీచర్ గారికి, ఏడవ తరగతి మణికంఠ విన్నవించుకొనునది ఏమనగా, మా కోడిపుంజు నిన్న టీవీ మీదికి ఎక్కి కూసినది. కావున తమరు దయతో విచారించి..."

తరగతి గొల్లుమంది. మణికంఠ తల దించుకున్నాడు. వాళ్లింట్లో చదువొచ్చింది వాడికొక్కడికే. పింఛనుకు, రేషను కార్డుకు, కరెంటు స్తంభానికి, సచివాలయంలో ఇచ్చే అర్జీలన్నీ వాడే రాస్తాడు. బడి బయట రాయడమంటే వాడికి తెలిసింది అదే.

"యాల నవ్వుతారు? ఇంట్లోవాళ్ల కోసరం అర్జీ రాయనోళ్లు మీలో ఎవురుండారు?" అన్నారు టీచర్. ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే అందరూ అర్జీలే రాయండి. ఆఫీసుకు మాత్రం వద్దు. మీరు ఎవురికి చెప్పుకోవాలనుకుంటే వాళ్లకు."

"మా కుక్కకు రాయొచ్చా టీచర్?"

"రాయప్పా. సదివి వినిపించేదానికి నువ్వుండావు కదా."

నేను తోమడం ఆపి కిటికీలోంచి చూశాను. తలలన్నీ వంగి ఉన్నాయి.

మూడో శనివారం హెడ్మాస్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. టీచర్ చేతిలో సుద్దముక్క విరిగింది. ఒకడు, చెయ్యెత్తినా ఆపని బస్సు డ్రైవరుకు రాసింది చదివాడు. ఒకమ్మాయి ఈ ఏడు కాయని మామిడిచెట్టుకు రాసింది. సారు గడియారం చూసుకున్నారు. అప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని సుమతి లేచింది.

"గౌరవనీయురాలైన మా ఆవు గౌరికి. అమ్మ చెయ్యి కాలినందున పది దినములుగా నేనే పాలు పిండుచున్నాను. నువ్వు తన్నుచున్నావు. నిన్న అమ్మ చీర కట్టుకొని, అమ్మ మాదిరి దగ్గుతూ వచ్చితిని. నువ్వు చీర వాసన చూసి, ఒక కాలు ఎత్తితివి..."

సుమతి కూర్చుంది.

"తర్వాత?" అన్నారు సారు. ఆయన ఇంట్లోనూ నాలుగు ఆవులున్నాయి.

"అంతవరకే రాసినా సార్."

"తన్నిందా లేదా, అది చెప్పమ్మా."

సుమతి టీచర్ వైపు చూసింది.

"నోటితో చెప్పేస్తే ఇంకేం రాస్తాది సార్? వచ్చే శనివారం పీరియడు ఉంటే రాసి సదువుతాది" అన్నారు టీచర్.

సారు లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"నేనొచ్చేదాకా సదివించొద్దమ్మా" అన్నారు.