కృష్ణ దాటిపోయిన ఆట

మా ఆయన కుర్మయ్య వనపర్తిలో చెప్పులు కుట్టేటోడు. కాలేజీ పిల్లలు చినిగిన ఫుట్‌బాల్ తెస్తే, "ఓడిపోతే ఇంకోసారి కుట్టను" అని నవ్వుకుంట కుట్టిచ్చేటోడు.

రెండువేల నాలుగుల ఆ పిల్లలు ఫైనల్‌కు వచ్చిండ్రు. ఆట గద్వాలలో. గోలు కాసేది మా కొడుకు రాఘవేందర్. ఆటకు మూడు దినాల ముందే మా ఆయన కాలం చేసిండు.

"కర్మ చేసేటోడు పదోదినం కాకముందు ఏరు దాటొద్దు" అన్నడు మా బావ. గద్వాలకు పోవాలంటే కృష్ణ దాటాలె.

కొడుకు నా దిక్కు చూసిండు. "ఏం చెయ్యాలమ్మా?"

"పో బిడ్డా. మీ నాయినుంటే తనే బస్సు ఎక్కించేటోడు."

మాపటికి గెలిచి, అందరు కలిసి ఇంటికొచ్చిండ్రు. ఒక్కరు కేక వెయ్యలేదు. సావైన ఇంట్లో "పోయొస్తం" అనకూడదని మౌనంగనే మర్లిండ్రు. కప్పు మాత్రం మా గడపలోనే ఉంచిపోయిండ్రు.