లూజు కనెక్షన్ అనని భారతక్క

పోయిన వారం నా కారులో పాటల పెట్టె గుయ్యిమనడం మొదలుపెట్టింది. ఆక్సిలరేటర్ తొక్కితే ఆ గుయ్యి కూడా గొంతు పెంచుతుంది, వదిలితే తగ్గిస్తుంది. దోమ ఒకటి ఇంజినులో ఉద్యోగానికి చేరినట్టు. కరీంనగర్‌లో ఒక మెకానిక్ బానెట్ ఎత్తి, అవీ ఇవీ వైర్లు కదిలించి, మళ్ళీ దించి, "లూజు కనెక్షన్ సార్, అయిపోయింది" అన్నాడు. నిజంగానే గుయ్యి ఆగింది. మామూలు మనిషైతే సంతోషించి ఇంటికి పోతాడు. నేనూ మామూలు మనిషిగానే పుట్టాను. కాని డిగ్రీ అయ్యాక, ఉద్యోగం దొరికేదాకా, మెట్‌పల్లిలో భారతక్క దగ్గర పనిచేశాను. అప్పటి నుంచి ఆ సంతోషం నాకు కుదరడం లేదు.

భారతక్క భర్తది రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే దుకాణం. వీధికి సగం మంది దుబాయి విమానం ఎక్కుతున్న రోజుల్లో ఆయన కూడా ఎక్కాడు. దుకాణం మూతపడుతుందని అందరూ అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే అక్క వచ్చి షట్టర్ ఎత్తింది. ఆమె ఫిజిక్స్ బి.ఎస్సీ., నేనూ అదే. ఇద్దరం చదివింది ఒకే పుస్తకాలు. తేడా అంతా ఓపికలోనే. నా ఓపికను పరీక్షించే ఓపిక ఆమెకు చాలా ఉండేది.

వచ్చిన వస్తువును ఆమె వెంటనే విప్పనిచ్చేది కాదు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడే ఉండాలి, ఆమె మాత్రం తెచ్చిన మనిషితో ముచ్చట పెట్టేది. ఒకసారి ఒక రైతు టేప్ రికార్డర్ తెచ్చాడు.

"ఎప్పుడు ఆగుతది?"

"ఎప్పుడు పడితె అప్పుడే అక్కా."

"గట్ల ఏదీ ఆగదు. ఏ అర్రల పెట్టిండ్రు?"

"పసుపు బస్తాలున్న అర్రల."

"మరి అది పసుపు తిన్నది. తమ్మీ, ఇగ విప్పు."

విప్పితే మోటారు పచ్చగా, పెళ్ళికొడుకులా ఉంది. ప్రతిసారీ ఇలా జరిగితే నేను గురుభక్తితో రాస్తుండేవాణ్ణి. చాలాసార్లు అంత ముచ్చటా అయ్యాక ఫ్యూజు పోయిందని తేలేది. దాన్ని నేను చూడగానే చెప్పి ఉండేవాణ్ణి, అడిగితే.

ఆమెకు పడని మాట ఒకటుంది. అదే లూజు కనెక్షన్. నేను ఆ మాట అన్నప్పుడల్లా చేతిలో పని ఆపి చూసేది.

"ఏ కనెక్షన్? ఎట్ల లూజయింది?"

"ఏదో ఒకటి అక్కా. కదిలిస్తె మంచిగయింది."

"నీకు ఎరుక లేదని చెప్పు, సరిపోతది."

కిష్టారెడ్డి పటేల్ తెల్ల అంబాసిడర్ మా దుకాణం ముందు ఆగింది ఆ రోజుల్లోనే. ఆయనకు మెట్‌పల్లి పక్కన చాలా భూమి, దానికి తగ్గ గొంతు ఉండేవి. దుబాయిలో ఉన్న అల్లుడు కారులో పెట్టుకోమని పెద్ద యాంప్లిఫయర్ తెచ్చిచ్చాడు. పెట్టెను డిక్కీలో బిగించారు. దసరా ముందు వరకు భజన పాటలు ఊరి పొలిమేర దాకా వినిపించేవి. దసరా తర్వాత కారు రోడ్డెక్కగానే పాట ఆగిపోతోంది. పటేల్ విచారణ అప్పటికే ముగించాడు.

"గీ గంగారాంగాడే లోపలి ఫారిన్ సామాను జగిత్యాల్ల అమ్ముకొని, లోకల్‌ది పెట్టిండు" అన్నాడు, డ్రైవర్ పక్కనే నిలబడి ఉండగా. "శనివారం ధర్మపురికి పోతున్నం. మనుమనికి పుట్టెంట్రుకలు. గా లోపు పాట రాకపోతె వీడు తాళంచెవి నా చేతుల పెట్టి ఇంటికి పోవుడే."

గంగారాం చాలా ఏళ్ళుగా ఆ ఇంట్లోనే డ్రైవర్. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. దొంగ అనిపించుకుని పోతే మెట్‌పల్లిలో ఇంకెవరు తాళంచెవి ఇస్తారు?

కారును, గంగారాంను మా దగ్గర వదిలి పటేల్ వెళ్ళాక యాంప్లిఫయర్‌ను ఊడదీసి బల్ల మీద పెట్టి విప్పాను. లోపల ఉన్నదంతా ఫారిన్ సామానే. సీలు మీద కంపెనీ వాళ్ళ చెయ్యి తప్ప వేరే చెయ్యి పడలేదు. మా బ్యాటరీకి కలిపితే దుకాణం అదిరేలా పాడింది. తీసుకెళ్ళి కారులో బిగించి గొంతు పెంచితే మూగనోము. మళ్ళీ బల్ల మీదికి తెస్తే పాట, కారులో పెడితే మూగనోము. దానికి నా మీద వ్యక్తిగతంగా ఏదో కోపం ఉందని నాకు నమ్మకం కుదిరింది.

"టంకాలన్నీ మళ్ళీ పెడ్తనక్కా" అన్నాను.

"బల్ల మీద పాడేదానికి టంకమెందుకు? పా, కార్ల కూసుందాం."

కోరుట్ల రోడ్డు మీద, గుంతల్లో, ఎండలో బయల్దేరాం. గంగారాం స్టీరింగు దగ్గర, అక్క ముందు సీట్లో, నేను వెనక. మెల్లగా పెడితే పాట వస్తోంది. గొంతు పెంచగానే, లేదా కారు ఎగరగానే ఆగిపోతోంది. అక్క కారు ఆపించి, బ్యాటరీ మైనస్ నుంచి పొడవాటి వైరు ఒకటి కిటికీలోంచి, నా ఒళ్ళోంచి, సీటు మీదుగా డిక్కీలోని యాంప్లిఫయర్ దాకా లాగింది. ఎదురొచ్చిన బస్సులో వాళ్ళు కారుకు సెలైన్ ఎక్కిస్తున్నారనుకుని ఉంటారు. మళ్ళీ అవే గుంతలు, అదే గొంతు. ఈసారి పాట ఆగలేదు.

అంటే పెట్టెలో తప్పు లేదు. కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారిలో ఉంది. డిక్కీలో నల్ల వైరును కారు బాడీకి కలిపిన బోల్టు దగ్గర అక్క వంగి చూసింది. పసుపు, కుంకుమ, నూనె పేరుకుని అది చిన్న దేవతలా ఉంది. విప్పితే వైరు కొస అంతా ఆకుపచ్చ చిలుము.

"గంగారాం, దసరనాడు గీడ ఏం జేసిండ్రు?"

అతను నేల చూశాడు. "పటేల్ పూజ చేసిండక్కా. ఫారిన్ పెట్టె గదా అని కొబ్బరికాయ దీని మీదనే కొట్టిండు. నీళ్ళన్నీ గీడనే పారినయి."

"మరి చెప్పకపోతివి?"

"పూజల నడుమ చెప్తె వింటడా?"

చిలుము గీకి, బోల్టు బిగించాం. పాట నిలబడింది. పని అయిపోయిందని నేననుకున్నాను. దుకాణం దగ్గరికి పటేల్ వచ్చాడు, పాట విన్నాడు, ముఖం విప్పారింది. ఆయనే అన్నాడు: "లూజు కనెక్షనా ఏంది?"

ఎంత చక్కని మాట! అందరూ గౌరవంగా ఇంటికి పోవచ్చు. అవునను, అవునను అని నేను అక్కకు కళ్ళతో మొక్కాను.

"లూజు గాదు పటేలా. దసరనాడు మీరు కొట్టిన కొబ్బరినీళ్ళు బోల్టుల దిగి చిలుము పట్టింది."

వీధి మొత్తం చెవులు నిక్కించింది.

"దేవుని నీళ్ళు చెడగొడ్తయా అమ్మా?"

"కాయ దేవుడు తీస్కున్నడు. నీళ్ళు బోల్టు తీస్కున్నది. లోపలి సామానంత మీ అల్లుడు తెచ్చిందే. ఎవ్వరూ ముట్టలే."

పటేల్ వంగి బోల్టును చూశాడు. గంగారాం వైపు మాత్రం చూడలేదు. ఆఖరికి ముందు సీట్లో కూర్చుని, "గంగారాం, బండి తియ్యి" అన్నాడు. ఎప్పుడూ ఉండే 'గాడు' ఆ వాక్యంలో లేదు. క్షమాపణ అంతే. శనివారం ధర్మపురికి కారు నడిపింది గంగారామే.

పటేల్ మళ్ళీ మా దుకాణానికి రాలేదు. మంచి గిరాకీ పోయిందని నేను సణుగుతూ ఉండగా అక్క అంది: "నువ్వు లూజు కనెక్షన్ అంటివనుకో, రేపు ఇంట్ల కూసొని పటేల్ అడుగుతడు, ఎవడు లూజు చేసిండని. కార్ల ఎవరుంటరు?"

జవాబు గంగారాం అని నాకు తెలుసు. అందుకే ఇంకా చిరాకేసింది. మరుసటి దసరాకు పటేల్ యాంప్లిఫయర్ మీద తన తువ్వాలే కప్పి, కాయను ముందు చక్రం దగ్గర కొట్టాడట. ఆ సంగతి గంగారాం వచ్చి చెప్పాడు, నవ్వు ఆపుకుంటూ.

తర్వాత ఆఫీసుల్లో పనిచేశాను. అక్కడా ఏదైనా చెడితే "ఎక్కడో చిన్న పొరపాటు" అని ఫైలు మూసేస్తారు. ఎక్కడ అని నేను అడుగుతాను. అందుకే నన్ను ఎవరూ మీటింగులకు ఇష్టపడి పిలవరు.

మొన్న ఆ మెకానిక్‌ను కూడా అడిగాను. "ఏ కనెక్షన్?"

"ఏదో ఒకటి సార్. ఆగింది గదా?"

"కార్ల కూసో. జర రోడ్డు మీదికి పోయొద్దాం."

అతను స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని, ఆకాశం వైపు చూసి, పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు బాగా తెలుసు. మెట్‌పల్లిలో అది నాదే. తలుపు తీసి పట్టుకున్నాను. అతను ఎక్కాడు.