శాకరిన్ వేసిన టీ

1983 జూన్‌లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా ధర్మవరం తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేశారు. అక్కడ వారానికోసారి పసిపిల్లల్ని తూచేవాళ్లం. స్ప్రింగ్ త్రాసుకు గుడ్డ ఉయ్యాల తగిలించి బిడ్డను అందులో పడుకోబెట్టేది నర్సు. బిడ్డ బరువు పెరగకపోతే ముందు తల్లి తిండి గురించి విచారించాలన్నది పద్ధతి.

ఒకరోజు లక్ష్మీదేవి అనే చేనేత ఇంటి కోడలు చంటిబిడ్డతో వచ్చింది. ఇరవై దాటిన పిల్ల. ఆమె బిడ్డ కిందటిసారి కంటే ఏమాత్రం పెరగలేదు. పాలు చాలడం లేదంది. ఏం తింటున్నావని అడిగాను. వెంట వచ్చిన భర్త వెంకటేశు జవాబు చెప్పాడు.

"కాన్పయినాక లావయినావని చుట్టాలు నవ్వినారమ్మా. అప్పట్నుంచి సంగటి ముట్టదు. మా నాయన బిళ్లలేసుకోని టీ తాగుతాది, అంతే."

అవి శాకరిన్ బిళ్లలు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు టీలో వేసుకుంటారు. నాలుకకు తీపి తప్ప ఒంటికి బలం ఇవ్వవు.

"వాటితో సన్నబడరా?" అని అడిగింది లక్ష్మీదేవి. "మీకేమమ్మా, మీరు సన్నంగానే ఉండారు."

బిళ్ల కొవ్వును కరిగించదనీ, ఆమె అన్నం మానేసినందువల్లే పాలు తగ్గాయనీ చెప్పాను. ఆమె కళ్లు నిండాయి.

"అయితే నా బిడ్డను నేనే పస్తు పెడతాండానా?"

తెలియక జరిగిందనీ, తింటే పాలు మళ్లీ వస్తాయనీ ధైర్యం చెప్పాను. అప్పుడే వెంకటేశును పరిశీలనగా చూశాను. అతను బాగా చిక్కి ఉన్నాడు. ఒంట్లో బాగా లేదా అని అడిగాను.

అతను సిగ్గుపడ్డాడు. "నేను గూడా ఆ టీనే తాగుతాండానమ్మా. ఆ పిల్ల పస్తుంటే నాకు సంగటి యాడ దిగుతాది?"

ఈ సంగతి ఆమెకు తెలియదు. "మగ్గం కాడికి పంపిన ముద్ద ఏం చేస్తివి?" అని గద్దించింది. తన తల్లికి కూడా తెలియకుండా గొడ్డుకు పెట్టానన్నాడు. ఆమె ఏడుస్తూనే అతని భుజం మీద ఒకటి వేసింది.

ఇద్దరికీ ఒకే మందు రాశాను: పూటపూటకూ రాగి సంగటి, పప్పు, చెనిక్కాయలు నూరి చేసే ఊరిబిండి పచ్చడి, ఒకే చోట కూర్చుని తినాలి. కొన్ని వారాలకు బిడ్డ బరువు పెరిగింది. లక్ష్మీదేవి మాత్రం లావుగానే ఉంది. వెంకటేశుకు అది ఒక సమస్యగా తోచినట్టు లేదు.

ఆ తరువాత నా ఉద్యోగకాలంలో సన్నబడాలని వచ్చిన పడుచువాళ్లను, ఏం తింటున్నారని అడిగే ముందు, ఎవరితో కలిసి తింటున్నారని అడిగేదాన్ని. చికిత్సకు ఇంకెవరిని పిలవాలో ఆ జవాబును బట్టి తెలిసేది.