నత్త గుమ్మంలో చచ్చిందా, ఇంట్లో చచ్చిందా?

పళ్ళడాక్టరు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క రోగం. ఎక్కడ ఏ రెండు పనులు పక్కపక్కన కనబడినా "ఆగు! ముందా, తర్వాతా?" అని గావుకేక పెడతాడు. అడగడం కాదు, అరవడమే. జవాబు చెప్పేదాకా మన ప్రాణం తీస్తాడు, చెప్పాక ఆ జవాబు ప్రాణం తీస్తాడు.

మందుల షాపాయన పాపం మర్యాదగా "ఈ మాత్ర భోజనం తర్వాత వేసుకోండి డాక్టర్‌గారూ" అన్నాడొకసారి. "తర్వాత అంటే? చివరి ముద్ద మింగిన తర్వాతా, కంచం ముందునుంచి లేచిన తర్వాతా? మధ్యలో నీళ్ళు తాగితే అది భోజనంలోకొస్తుందా రాదా?" అని బాబాయి కౌంటరు గుద్దాడు. అప్పట్నుంచి ఆయన బాబాయి వీధి మలుపు తిరగడం చూస్తే చాలు, గోడౌన్లోకి దూరిపోతాడు. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు.

ఇంట్లో పిన్ని ఒక్కర్తే ఆయనకు సరైన మందు.

"ఏవండీ, భోజనానికి రండి."

"నువ్వు వడ్డించకముందా, వడ్డించాకా?"

"నేను పుట్టింటికి పోకముందు."

బాబాయి కిక్కురుమనకుండా వచ్చి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ముందూ తర్వాతా తేలిపోయిన విషయం అదొక్కటే.

ఇక క్లినిక్కులో అడ్డెవరు? కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాడి నోరు బార్లా తెరిచి ఉంటుంది. అందులో ఒక అద్దం, ఒక గొట్టం, బాబాయి రెండు వేళ్ళు. "ఏమయ్యా, డ్రాగన్ నిప్పు కక్కి చస్తుందా, చచ్చాక నిప్పు కక్కుతుందా?" అంటాడు. "ఆఁ... ఆఁ..." అంటాడు వాడు. "అదీ! నీకున్న తెలివి మా అన్న కూతురికి లేదు" అంటాడు బాబాయి.

ఆ తెలివిలేని అన్న కూతురు సరిగ్గా ఆ క్లినిక్కు కిందే కార్డుల కొట్టు నడుపుతోంది. పేకముక్కలు కావు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, బొమ్మ కింద అది చేసే పని రాసి ఉంటుంది. అలాంటివి వేల రకాలు. ఎవరికి కావలసినవి వాళ్ళు కొనుక్కుని కట్ట కట్టుకుంటారు. ఎదుటివాడికున్న ఇరవై ప్రాణాలూ ముందు ఎవడు తీస్తే వాడు గెలిచినట్టు. రెండు మూడు కార్డులు కలిసి ఒంటిగా చెయ్యలేని పని చేస్తే దాన్ని కాంబో అంటారు. తెలివైనవాళ్ళు నలుగురికీ తెలిసిన కాంబోలు వేసి గెలుస్తారు. కొందరుంటారు, చెత్తబుట్టలో పారేసిన కార్డులు ఏరుకొచ్చి "వీటిని కలిపితే అద్భుతం జరుగుతుందండీ" అంటారు. ఆదివారం ఆదివారం అలాంటివాళ్ళ మీద విరుచుకుపడటానికే బాబాయి మేడ దిగి వస్తాడు.

విరుచుకుపడటమంటే మామూలుగా కాదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకి, ఆ ఈకల్లో ఏది ముందు మొలిచిందో తేల్చమనే రకం. కార్డుని ముక్కు దాకా తెచ్చుకుని చదువుతాడు, కళ్ళజోడు తీసి చదువుతాడు, మళ్ళీ పెట్టుకుని చదువుతాడు. తర్వాత ఒంటికాలి మీద లేస్తాడు. అన్న కూతురికి ఆ గొంతు వింటే చాలు, ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు భయపడి పారిపోతే నష్టం ఎవరికి? ఆమెకి. కార్డులు అచ్చువేసే కంపెనీ వాళ్ళ నియమం ఒకటుంది: ఆదివారం పోటీకి కనీసం ఎనిమిది మంది ఆడాలి. వరసగా రెండు ఆదివారాలు ఎనిమిదికి తగ్గితే ఆ కొట్టుకి పోటీలు పెట్టే గుర్తింపు పీకేస్తారు. గుర్తింపు పోతే ఆదివారాలు పోయినట్టే. ఆదివారాలు పోతే ఆ కొట్టు నాలుగు బల్లలూ ఒక బీరువాగా మిగులుతుంది.

ఆ కొట్టుకి వచ్చేవాళ్ళు సరిగ్గా ఎనిమిది మంది, బాబాయితో కలిపి. అందులో ఎనిమిదోవాడు కొత్తగా చేరిన బేకరీ ఆయన. మనిషి బీరువాలా ఉంటాడు, నోట్లో నాలుక లేదు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ పిండి.

ఆ ఆదివారం ఆట మొదలవకముందే బేకరీ ఆయన మూడు కార్డులు తీసి బల్ల మీద పరిచాడు. చూడగానే పక్కబల్ల వాళ్ళు కిసుక్కుమన్నారు. మొదటిది ముసలినత్త. అది చచ్చినప్పుడల్లా ఎదుటివాడికి ఒక ప్రాణం పోతుంది. రెండోది ఉప్పువాన. అది కురుస్తున్నంతసేపూ బల్ల మీదికి వచ్చే ప్రతి బుల్లి జీవీ చస్తుంది. మూడోది కాటికాపరి. బల్ల మీద చచ్చిన నీ జీవిని వాడు లేపి మళ్ళీ తెస్తాడు.

"నత్త వస్తుందండీ. ఉప్పువానకి చస్తుందండీ. మీకొక ప్రాణం పోతుందండీ. కాటికాపరి లేపుతాడండీ. మళ్ళీ చస్తుందండీ..." బేకరీ ఆయన సిగ్గుపడుతూ అన్నాడు. "అలా ఇరవైసార్లు."

"ఆగు!" కొట్టు అద్దాలు అదిరాయి. "కాటికాపరి ఎక్కడ చచ్చినదాన్ని లేపుతాడు?"

"బల్ల మీదండీ."

"ఉప్పువాన ఎప్పుడు చంపుతుంది? నత్త బల్ల మీదికి రాకముందా, వచ్చిన తర్వాతా?"

"వస్తుంటే చంపుతుందండీ."

"వస్తుంటే అంటే గుమ్మంలో చచ్చిందా, ఇంట్లో చచ్చిందా? తేల్చు! గుమ్మంలోనే చస్తే బల్ల మీద చచ్చినట్టు కాదు, కాటికాపరికి దాంతో సంబంధం లేదు. ఒక్కసారి చచ్చి ఊరుకుంటుంది నీ నత్త! దీన్ని కాంబో అంటారా? దీన్ని శవం అంటారు! చెప్పవయ్యా, గుమ్మంలోనా, ఇంట్లోనా?"

బేకరీ ఆయన మొహం మాడిన రొట్టె రంగుకొచ్చింది. మూడు కార్డులూ ఏరుకుని, జేబులో పెట్టుకుని, తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆడింది ఏడుగురు.

ఇక అన్న కూతురు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే రెండేసి మెట్లు ఎక్కి క్లినిక్కులోకి దూసుకెళ్ళింది. కుర్చీలో ఒక ట్యూషన్ మాస్టారు నోరు తెరుచుకుని ఉన్నాడు.

"బాబాయ్! ఆ మనిషిని తరిమేశావు కదా? కడుపు నిండిందా?"

"నేను తరమలేదే. ప్రశ్న అడిగాను."

"నీ ప్రశ్న పాడుగాను! వచ్చే ఆదివారం ఎనిమిది మంది లేకపోతే నా కొట్టు గతేంటి? ఇప్పుడే వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పు."

"ఏమని చెప్పను? నత్త ఇంట్లోనే చచ్చిందనా? తెలియకుండా ఎలా చెప్తానే? మాస్టారూ, మీరు చెప్పండి, గుమ్మంలోనా కాదా?"

"ఆఁ..." అన్నాడు మాస్టారు నొప్పితో.

"విన్నావా? చదువుకున్నవాళ్ళు ఒప్పుకుంటున్నారు."

"ఇక చాలు బాబాయ్! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోటివల్ల నాకు ఊరే లేకుండా పోతోంది. నువ్వింక నా కొట్టు గడప తొక్కొద్దు. తొక్కావంటే మర్యాదగా ఉండదు!"

"ఈ నిషేధం ఆదివారం ఆటకి ముందునుంచా, తర్వా—"

తలుపు ధడాల్న వేసిన చప్పుడుకి మాస్టారు పన్ను దానంతటదే ఊడినంత పనైంది.

కొట్టులోకి దిగొచ్చి, ఒక గ్లాసు నీళ్ళు గటగటా తాగాక ఆమెకు లెక్క గుర్తొచ్చింది. బేకరీ ఆయన పోగా ఏడుగురు. బాబాయి పోగా ఆరుగురు. కూర్చున్న కొమ్మని కోపంతో తనే నరుక్కుంది. దాంతో ఆమెకు బాబాయి మీద కోపం రెట్టింపైంది. తన తెలివితక్కువతనానికి కూడా కారణం ఆయనే కదా మరి!

ఆ వారమంతా తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ బతిమాలింది. "కార్డులా? చిన్నపిల్లల ఆట కదమ్మా" అన్నవాళ్ళే తప్ప వస్తామన్నవాళ్ళు లేరు. శనివారం పొద్దున ఇక గత్యంతరం లేక, బాబాయి తరఫున తనే క్షమాపణ చెప్పుకుందామని బేకరీకి బయల్దేరింది. దారంతా బాబాయిని తిట్టుకుంటూనే నడిచింది.

బేకరీ వీధిలోకి తిరగ్గానే ఆ గొంతు వినబడింది. మలుపు దాకా వినబడే గొంతు లోకంలో ఒకటే ఉంది.

'ఇక్కడికి కూడా వచ్చి చంపుతున్నాడా!' అని పళ్ళు కొరుక్కుంటూ వెనకవైపు తలుపు తోసింది. లోపల పొయ్యి వేడి, రొట్టెల వాసన. బాబాయి పిండి బల్లకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా మైదా, చెవి దగ్గర ఫోను. పక్కన బేకరీ ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. అవతల ఫోన్లో ఎవరో అమ్మాయి ఓపిగ్గా మాట్లాడుతోంది. కంపెనీలో నియమాల తగాదాలు తీర్చే ఆఫీసు తాలూకు అమ్మాయి.

"ఏవమ్మా, నువ్వు నా మాట విను!" బాబాయి అరుస్తున్నాడు. "నత్త గుమ్మంలో చావలేదు! ఇంట్లోకొచ్చింది, కూర్చుంది, అప్పుడు చచ్చింది! ఉప్పువాన కార్డు మీద 'వచ్చిన జీవి' అనుందా, 'రాబోయే జీవి' అనుందా? రానిదాన్ని వాన ఎలా తడుపుతుంది? గొడుగు కింద ఉన్నవాడికి జలుబు చేసిందన్నట్టుంది నీ వరస!"

అన్న కూతురు గుడ్లప్పగించింది. ఆదివారం ఈయన అన్నదేమిటి, ఇప్పుడంటున్నదేమిటి?

"ఏం జరుగుతోందండీ?" అని బేకరీ ఆయన్ని గొంతు తగ్గించి అడిగింది.

"మంగళవారం నుంచి రోజూ పొద్దున్నే క్లినిక్కు తెరవకముందు వస్తున్నారమ్మా. నేను పిండి కలుపుతుంటే నాతో పోట్లాడతారు. పోట్లాట అయ్యాక నా తరఫున వాళ్ళతో పోట్లాడతారు."

"మీకు కోపం రాలేదూ? ఆ రోజు అలా లేచి వెళ్ళిపోయారు..."

"కోపమెందుకమ్మా? ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచించుకుందామని ఇంటికెళ్ళాను." బేకరీ ఆయన పిండి చేతులు తుడుచుకున్నాడు. "ఈ నత్తని ఎన్ని కొట్లలో చూపించానో. చూసినవాళ్ళందరూ నవ్వారు. ఒక్కరు కూడా కార్డు చేతిలోకి తీసుకుని చదవలేదమ్మా. డాక్టర్‌గారొక్కరే కోప్పడ్డారు. నా నత్త కోసం ఇంత పెద్దమనిషి గొంతు చించుకుంటున్నారంటే, అది పనికొచ్చే ఆలోచనేనన్నమాట."

అవతల ఫోన్లో అమ్మాయి ఎవర్నో అడిగి వచ్చి ఏదో చెప్పింది. బాబాయి ఫోను పెట్టేసి, పిండి బల్లని ఒక్క గుద్దు గుద్దాడు. పొడి ఎగిరి ముగ్గురి మీదా పడింది.

"ఇంట్లోనే చచ్చిందట! ఒప్పుకున్నారు! నీ నత్త పనిచేస్తుందయ్యా! ఇక ఏ దేశంలో ఏ జడ్జీ దీని మీద వేలు పెట్టలేడు!" అని వెనక్కి తిరిగి అన్న కూతుర్ని చూశాడు. వెంటనే మొహం చిట్లించాడు. "నువ్వెందుకొచ్చావు?"

"ఆదివారం గుమ్మంలో చచ్చిందన్నావు కదా బాబాయ్!"

"మన కొట్లో నేను అనకపోతే, రేపు పెద్ద పోటీలో వందమంది ముందు ఎవడో అంటాడు. అక్కడ ఈయనకు ఎవరున్నారు?" అని గట్టిగానే అరిచాడు. అరిచాక ఏదో అనరాని మాట అన్నట్టు గిరుక్కున తిరిగి చేతులు కడుక్కోసాగాడు. "అయినా నీకెందుకివన్నీ? నన్ను గడప తొక్కొద్దన్నావుగా?"

"తొక్కి చావు!" ఆమె కూడా ఆయనలాగే అరిచింది. కోపమో మరేమిటో ఆమెకే తెలియలేదు. "రేపు రాకపోయావో, ఉన్న పళ్ళన్నీ నేనే రాలగొడతా."

మర్నాడు ఎనిమిది మంది వచ్చారు. చీటీలు తీస్తే మొదటి ఆటలోనే బేకరీ ఆయనకు బాబాయే ఎదురుపడ్డాడు. మూడు కార్డులూ బల్ల మీదికి వచ్చేసరికి బేకరీ ఆయన సిగ్గుగా తలెత్తాడు.

"డాక్టర్‌గారూ, ఇక లెక్కే కదండీ. ఇరవైసార్లు చచ్చిందనుకుంటే ఆట అయిపోయినట్టే."

"అనుకోవడమేంటి?" బాబాయి మండిపడ్డాడు. "ఒక్కొక్కటీ చావాలి! నేను కళ్ళారా చూడాలి! పెట్టు నత్తని!"

బేకరీ ఆయన నత్తని పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ప్రతి చావుకీ బాబాయి "దొంగ నత్త!" "సిగ్గులేని నత్త!" అని తిడుతూ కాగితం మీద తన ప్రాణాల్లో ఒక గీత కొట్టేశాడు. ఐదో చావుకి పక్కబల్ల వాళ్ళు ఆట ఆపి లేచొచ్చారు. పదో చావుకి అందరూ ఆ బల్ల చుట్టూ మూగి గట్టిగా లెక్కపెడుతున్నారు. వారం కిందట కిసుక్కుమన్నవాళ్ళే అందరికన్నా గట్టిగా అరుస్తున్నారు. ఇరవయ్యో చావుకి కొట్టు దద్దరిల్లిపోయింది. బేకరీ ఆయన భుజాలు వంచి, మొహం అరచేతుల్లో దాచుకుని, పొట్ట కదిలేలా నవ్వాడు. బాబాయి మాత్రం కుర్చీ వెనక్కి తన్ని, ఓడిపోయినందుకు లోకాన్నంతా తిడుతున్నాడు. తిట్లు అలా సాగుతున్నంతసేపూ ఎవరూ బేకరీ ఆయన పక్కనుంచి కదల్లేదు.

సాయంత్రం బాబాయి తప్ప అందరూ వెళ్ళాక అన్న కూతురు బల్లలు తుడుస్తూ తుడుస్తూ ఆగింది. కార్డుల కొట్టు పెట్టుకున్న మనిషి, తనకు మాత్రం ఒక పిచ్చి ఊహ ఉండదా? నలుగురూ నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించనిది. గల్లాపెట్టె కింద నుంచి రెండు కార్డులు తీసి, బాబాయి ముందు పెట్టింది.

బాబాయి కళ్ళజోడు తీసి చదివాడు. పెట్టుకుని చదివాడు. మెడ నుంచి మొదలై చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"బుద్ధుందా నీకు? దీన్ని కాంబో అంటారా?" అని బల్ల గుద్దాడు.

ఆమె కుర్చీ లాక్కుని, హాయిగా ఆయన ఎదురుగా కూర్చుంది.