బందరు కోట నీళ్లు

నకిరేకల్ అంగడిలో కూరగాయల వరుస దాటి ఎల్లిపాయల గుట్టల దగ్గరికి రాగానే ఎండు రొయ్యల వాసన ముక్కుకు తగులుతుంది. గోనెపట్టా మీద పోసిన ఆ ఎర్రటి రాశి ముందు నేను ప్రతిసారీ కాసేపు నిలబడతాను, కొనను. అమ్మే ఆమెకు నా సంగతి తెలుసు, పొట్లానికి కాగితం కూడా తీయదు. ఉప్పూ ఎండా కలిసిన ఆ ఘాటు వాసన మా గడి గడప ఏనాడూ దాటలేదు. నేను దాన్ని మొదటిసారి పీల్చింది బందరు కోటలో, తెలంగాణ వచ్చిన మరుసటి వేసవిలో, మా తాత పక్కన నిలబడి.

తిరుమలగిరి దగ్గరి ఒక ఊళ్లో మాకు గడి ఉండేది. ఊరంతా పెంకుటిళ్లయితే మాది ఎత్తైన రాతిగోడల మధ్య టేకు స్తంభాల లోగిలి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ స్తంభాల నీడలో ఈతచాపలు పరిచి పచ్చీసు ఆడేవాళ్లం, వంటింట్లో మామిడికాయ తొక్కు నూరుతుంటే ఆవపిండి ఘాటుకు గవ్వలు వేసే చెయ్యి ఆగి తుమ్ములొచ్చేవి, నానమ్మ ఎవరికీ అంటనివ్వని నీలిపూల పింగాణీ జాడీలోకి ఆ తొక్కు ఎత్తేది. తాతకు తాత కాలంలో ఉప్పు కోసం బందరుకు బండ్లు కట్టేవారని, ఆ బండ్లలోనే గడ్డి మధ్య పొదిగి తెచ్చిన జాడీ అని చెప్పేవారు. దసరా వస్తే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలు ఇంకా మూలల్లో వాడుతుండగానే మలీద ముద్దల వాసన, సత్తుపిండి వాసన, సాయంత్రమయ్యేసరికి జమ్మి ఆకులు పట్టుకొని ఊరంతా మా వాకిట్లో. మా వైపు జమ్మిని బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాలి, ఈడుజోడువాళ్లు ఒకరినొకరు హత్తుకొని అలయ్ బలయ్ తీసుకోవాలి. తాత చేతిలోకి బంగారం వచ్చేదే గాని ఆయన చేతినుంచి ఎవరి చేతిలోకీ పోవడం ఎవరూ చూడలేదు. ఊరికి ఆయన దొర, దొరకంటే పెద్ద ఊళ్లో లేడు.

మావాళ్లందరూ మంచివాళ్లని నేను చెప్పను. చెడ్డవాళ్లని ఇతరులు చెబితే వినడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

గడి అమ్మేశాక స్తంభాలను ఊడబెరికి లారీలో ఎక్కించుకొని పోయారు. మేం నకిరేకల్‌లో కిరాయి ఇంటికి వచ్చాం. అక్కడ తొలి దసరాకు తాత తెల్లటి ధోతి కట్టుకొని, వాకిట్లో కుర్చీ వేయించుకొని, వీధి దీపాలు వెలిగేదాకా కూర్చున్నాడు. వచ్చింది ఒక్క మైసయ్య. గడిలో చిన్ననాటి నుంచి జీతం చేసిన మనిషి. కొడుకు యాదయ్య సారు బడిపంతులై నకిరేకల్‌లోనే ఇల్లు కట్టుకుంటే ఆ ఇంట్లో ఉండేవాడు. వంగి, తాత చేతిలో బంగారం పెట్టి, ఎప్పటిలాగే కింద కూర్చున్నాడు. ఆ రాత్రి తర్వాత తాత గడప దిగడం మానేశాడు. అన్నం తగ్గింది, మాట తగ్గింది. నాయిన డాక్టర్‌ను పిలిపిస్తే జబ్బేమీ లేదన్నాడు. నాయిన ముఖంలో భయం అప్పుడే ఎక్కువైంది.

ఎండాకాలం సెలవుల్లో యాదయ్య సారు తండ్రికి సముద్రం చూపించాలని తుఫాన్ జీపు కిరాయికి మాట్లాడాడు. తాతను కూడా తీసుకుపొమ్మని నాయిన ఆయన్ని అడిగాడు. అడగడం మా ఇంట్లో అలవాటు లేని పని. తాత మొదట తల ఊపలేదు. బందరు కోటకు పోతున్నామని సారు అన్నాక మాత్రం జాడీ వైపు ఒకసారి చూసి, "కోటంటె పోవాలె" అన్నాడు. కోట ఉన్నచోట కోట తాలూకు మనుషులుంటారని, తన మర్యాద తెలిసిన గడప ఒకటి అక్కడ దొరుకుతుందని ఆయన నమ్మినట్టున్నాడు. ఇస్త్రీ చేసిన ధోతి, చేతికర్ర, ఇత్తడి మరచెంబుతో ముందు సీట్లో కూర్చున్నాడు. బయటి నీళ్లు ముట్టడు గనుక ఆ మరచెంబు ఆయనతోనే తిరిగేది. నేను ఆయన వెనక, మైసయ్య అన్నింటికంటే చివరి సీట్లో.

మంగినపూడిలో ఇసుక మా రేగడిలా నల్లగా ఉంది. మైసయ్య మోకాళ్ల దాకా సముద్రంలోకి దిగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకొని ఉమ్మి, "థూ, గింత చెరువుండి ఏం ఫాయిద" అంటే సారు పడీపడీ నవ్వాడు. తాత బండి దిగలేదు. బందరులో నేతి లడ్డు కొన్నాం, చేతికి అంటుకున్న నెయ్యి మోచేతి దాకా కారింది, తాత అది కూడా వద్దన్నాడు. తర్వాత కోటకు పోయాం.

కోట లేదు. కోట అని పేరు మిగిలిన చేపల ఊరు ఉంది. పైకప్పు కూలిన పెద్ద కట్టడం ఒకటి, ఇటుకల సందుల్లో రావి మొలకలు, కిటికీ ఉండాల్సిన చోట నిలబడి ఆకులు తింటున్న మేక. ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవని, సముద్రం దాటి వచ్చినవాళ్లు కట్టుకున్నదని సారు నాకు చెబుతుంటే తాత కర్ర ఊని ఆ గోడల చుట్టూ తిరిగాడు. స్తంభాలు ఊడదీసిన గుంతల్లో చెయ్యి పెట్టి చూశాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపిన రోజులు. పడవలు గట్టున బోర్లించి ఉన్నాయి, మగవాళ్లు నీడలో వలలు కుడుతున్నారు, దారి పొడవునా పరదా పట్టాల మీద కాలువల్లో పట్టిన రొయ్యలు ఎండుతున్నాయి. ఎండకు తాత కాళ్లు తడబడ్డాయి. మరచెంబు విప్పితే చుక్క లేదు, మూత వంకరగా బిగిసి నీళ్లన్నీ బండిలోనే కారిపోయాయి. తాత ఒక తాటాకు చూరు కింద కూలబడ్డాడు.

మైసయ్య గబగబా ఆ ఇంటి ముందుకు పోయి, "మా దొరకు జర నీళ్లియ్యి బిడ్డా" అన్నాడు.

రొయ్యలు ఆరబోస్తున్న ఆవిడ చేతులు కడుక్కొని, గాజుగ్లాసు వెతికి తోమి, నీళ్లు పట్టుకొని వచ్చింది. వచ్చి మమ్మల్ని దాటి అటూ ఇటూ చూసింది.

"దొరగారేరండీ?"

"గీయనే."

ఆవిడ తాతను ఎగాదిగా చూసింది. ఆ ఊళ్లో దొర అంటే తెల్లవాడట. పాత గోడలు చూడటానికి అప్పుడప్పుడూ ఫోటోల పెట్టెలతో వస్తారట. "ఈయన దొరేంటండీ, అచ్చం మా అయ్యలాగుంటేనూ" అని నవ్వేసింది. మైసయ్య ముఖం పాలిపోయింది. సారు నేల చూశాడు. ఆవిడ గ్లాసు చాపబోయి, ఎందుకో ఆగి, తాతనూ మైసయ్యనూ మార్చి మార్చి చూసింది.

"మీ ఇద్దరిట్లో పెద్దోళ్లెవరు? పెద్దోళ్లకి ముందివ్వాలి."

మా ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

"దొరనే పెద్ద," అన్నాడు మైసయ్య.

తాత నాలుక పెదవుల మీద ఆడింది. ఎంత దాహంగా ఉన్నాడో నాకు కనిపిస్తూనే ఉంది. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, నడుము నిటారుగా చేసుకొని అన్నాడు:

"కాదు. మైసయ్యనే పెద్ద. నేను పుట్టంగ గీయన మా గొడ్లు కాస్తుండె."

అప్పటిదాకా ఆయన నోట నేను విన్నది మైసిగాడు అనే. ఆవిడకు అదేమీ తెలియదు, గ్లాసు మైసయ్య చేతికిచ్చింది. అతను తాగలేక నిలబడ్డాడు. "తాగు, నాకు గొంతెండుతాంది" అన్నాడు తాత. మైసయ్య గ్లాసు ఎత్తి గుటగుటా తాగాడు. అదే గ్లాసు నింపితే తాత తాగాడు, మళ్లీ నింపితే మళ్లీ తాగాడు. తర్వాత మరచెంబు ఆవిడ చేతికిచ్చి, నింపమని, బిడ్డా అని పిలిచి అడిగాడు. తిరుగు దారిలో ముందు సీటు ఖాళీగానే ఉంది. ఇద్దరు ముసలివాళ్లూ వెనక కూర్చొని, చచ్చిపోయిన ఎడ్ల పేర్లు గుర్తు చేసుకుంటూ సూర్యాపేట దాకా వాదులాడుకున్నారు. ఇంటికి రాగానే తాత అన్నం అడిగి పెట్టించుకున్నాడు. నాయిన విస్తరి ముందే కూర్చొని ఆయన తినడం చూశాడు.

ఆ దసరాకు తాత వాకిట్లో కుర్చీ వేయించుకోలేదు. జమ్మి ఆకులు పట్టుకొని నన్ను వెంటబెట్టుకొని మైసయ్య ఇంటికి పోయాడు. అతని చేతిలో బంగారం పెట్టాడు. కాళ్లు మొక్కబోతే మైసయ్య ఒప్పుకోలేదు, పట్టుకొని లేపాడు, ఆ పట్టుకోవడమే అలయ్ బలయ్ అయింది. దొర అనొద్దని తాత అంటే, "అలవాటైన నోరు దొరా, ఇగ తిరగది" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. గడి జాగాలో ఫంక్షన్ హాలు ఉంది. మమ్మల్ని దొర అని పిలిచే చివరి నోరు మైసయ్యది, దానితోపాటే ఆ పిలుపూ పోయింది. పోవలసిందే అనుకుంటాను, అయినా అంగడిలో ఎవరైనా ఎవరినో అలా పిలిస్తే నా తల అటు తిరుగుతుంది. జాడీ పగిలింది. మరచెంబు నా దగ్గర ఉంది.

నిరుడు దాన్ని తీసుకొని ఒక్కదాన్నే బందరు కోటకు పోయాను. కూలిన కట్టడం ఇంకొంచెం కూలింది. తాటాకు ఇంటి జాగాలో స్లాబు ఇల్లు, దాని ముందు చిన్న దుకాణం. పాత ఆవిడ ఎవరో, ఏమైందో ఎవరికీ తెలియలేదు. నీళ్లు కావాలంటే దుకాణంలోని అమ్మాయి ఫోను చూస్తూనే ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీసి ఇచ్చింది. ఎవరు పెద్ద అని అడగలేదు. అడగడానికి నా పక్కన రెండో మనిషి లేడు.