ఆ ఇంట్లో ఎదిగిన పిల్ల ఉందన్నాను

పద్నాలుగేళ్ల కింద నేను ఒక మాట అన్నాను. దాని బరువు ఇన్నేళ్లూ ఒక్కడినే మోశాను. మా అమ్మకు చెప్పలేదు, కట్టుకున్న మనిషికి చెప్పలేదు, ప్రార్థనలో కూడా దాటవేశాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే బహుశా మీకూ చెప్పేవాణ్ణి కాదు.

మాది ఏన్కూరు వైపు. ఊరి పేరు, ఇంటిపేరు రాయను. మా తాత గుర్రం దిగకుండానే తగువులు తీర్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఊహ తెలిసేసరికి గుర్రం లేదు, భూమి లేదు, ఇంటికి సగం కప్పు లేదు. ఇంటిపేరు ఒకటి మిగిలింది. దాన్ని గౌరవంగా పలికేవాళ్లు మిగల్లేదు.

డిగ్రీకి ఖమ్మం వచ్చినప్పుడు ఒక చిన్న క్రైస్తవ సంఘంలో చేరాను. అందులో పెళ్లికాని కుర్రాళ్లు రెండేళ్లు సేవకు వెళతారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ల. ఆ బిళ్ల మీద మన పేరు ఉండదు. ‘ఎల్డర్’ అని, దాని పక్కన ఇంటిపేరు. ఎల్డర్ అంటే పెద్ద. ఇరవై ఏళ్లవాణ్ణి నెరిసిన తలల వాళ్లు కూడా అలాగే పిలుస్తారు. నేను దేవుడి కోసం వెళ్లానా, ఆ బిళ్ల కోసం వెళ్లానా? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటే జవాబు చెప్పడానికి సిగ్గేస్తుంది.

సేవలో ఇద్దరిద్దరు ఉంటారు. ఒకరి కంటికి ఒకరు కనిపించకుండా ఉండకూడదు. అది అన్నిటికంటే గట్టి నియమం. నాకు జతగా వచ్చినవాడు కోటేశ్, తల్లాడ దగ్గరి వాడు. మొదటి రోజే మాటల్లో తేలింది, వాళ్ల నాయనమ్మ మా తాత పొలాల్లో నాట్లు వేసిందని. చుట్టరికం కలిసినంత సంతోషంగా చెప్పాడతను. నేను మాట మార్చాను. అతని జేబు మీద కూడా అదే బిళ్ల, అదే పెద్దరికం. నలుగురిలో అతన్ని ఎల్డర్ అనేవాణ్ణి. ఇద్దరమే ఉన్నప్పుడు ‘ఒరేయ్ కోటీ’ అనేవాణ్ణి. అతను పలికేవాడు.

ఆ వానాకాలం భద్రాచలం దాటి అడవిలో ఒక పల్లెకు వెళ్లాం. ముత్తమ్మ అనే ఆమె ఖమ్మంలో మా ఆరాధనకు వచ్చి, తమ ఇంట్లో ప్రార్థన చేయమని అడిగింది. రెండు రోజుల పని అనుకున్నాం. మరునాడే గోదావరి పొంగి, వాగు వెనక్కి తన్ని, పల్లె చుట్టూ నీళ్లు నిలిచాయి. అక్కడివాళ్లకు అది ఏటా ఉండేదే. ఎడ్లను దిబ్బ మీదికి తోలారు, గింజలు అటక ఎక్కించారు, లంకలో ఉన్నట్టు బతకసాగారు. మేం వారం రోజులు అక్కడే చిక్కుకుపోయాం.

ఇంట్లో ముత్తమ్మ, ఆమె భర్త, నర్సు చదువు చదివే కూతురు. వెళ్లగానే చాయ్ పెట్టింది. మా సంఘంలో చాయ్ కూడదు, ఇద్దరం వద్దన్నాం. నిజం చెప్పాలంటే ఆ నియమం నాకు ఎప్పుడూ సుఖంగానే ఉండేది. మాకంటే తక్కువనుకున్న ఇళ్లలో ఏదీ ముట్టుకోకపోవడానికి దేవుడి పేరున ఒక సాకు దొరికేది. ఆ రోజు ఆ సాకును అన్నం దాకా సాగదీశాను. ఆమె అన్నం, వెదురు కొమ్ముల కూర వడ్డించింది. కోటేశ్ తినడం మొదలుపెట్టాడు. ఇది కూడా మాకు కూడదమ్మా అన్నాను నేను. అబద్ధం.

“గదేంది అయ్యా, ఈ పిలగాడు తినవట్టె గదా,” అంది ముత్తమ్మ.

కోటేశ్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు చూసి, “అన్నకు కడుపు మంచిగ లేదమ్మా. ఆయనది గూడ నాకే పెట్టు,” అన్నాడు.

“అవ్, దొరబిడ్డ కడుపాయె. అడవి కూర యాడ ఇముడుతది!” అని ఆమె నవ్వింది. వచ్చీ రాగానే మా ఇంటిపేరు, తాత సంగతి చెప్పుకున్నది నేనే.

రెండో రోజు నేను బ్యాగు తీసుకుని పల్లె చివర బడిగదికి బయలుదేరాను. కోటేశ్ గుమ్మం దాకా వెంట వచ్చాడు.

“ఇద్దరం ఒక్కకాన్నే ఉండాలె గదా అన్నా. రూల్ గదా.”

“నువ్వు నాకు రూల్స్ చెప్పేటంత మొనగాడివైనవా?”

“చెప్తలేనన్నా. పోవద్దని అడుగుతున్న.”

వెళ్లిపోయాను. తను కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. నా దగ్గరున్న బిస్కెట్లు మరునాటికే అయిపోయాయి. ఆ తర్వాత పూటపూటకూ అతను మోకాటి లోతు నీళ్లలో నడిచి, అడ్డాకు విస్తరి కప్పిన గిన్నె తెచ్చేవాడు. నేనే వండిన అన్నా, అనేవాడు. ఖమ్మంలో మా గదిలో అతను అన్నం వండితే ఎప్పుడూ అడుగంటేది. ఇది ముత్తమ్మ చేతి వంట అని మొదటి ముద్దలోనే తెలిసింది. తిన్నాను. తిని, గిన్నె కడగకుండా అతని చేతికే ఇచ్చాను. వాళ్ల వంట తిన్నట్టు నేను ఒప్పుకోవాల్సిన అవసరం లేకుండా చేశాడతను. అందుకు కృతజ్ఞత పుట్టాలి కదా? నాకు కోపం పుట్టింది. నా ఆకలిని అతను చూశాడు.

నీళ్లు తీశాక ఖమ్మం చేరాం. మా మీద అజమాయిషీ ఉన్న పెద్దాయన ప్రతి వారం ఒక్కొక్కరినే పిలిచి అడిగే ప్రశ్నే అడిగాడు. వారమంతా ఇద్దరూ కలిసే ఉన్నారా?

నేను బడిగదిలో, అతను ముత్తమ్మ వాళ్లింట్లో ఉన్నామండీ అన్నాను. ఆయన నా ముఖం కేసి చూస్తున్నాడు. నువ్వెందుకు బయటికి వెళ్లావని తర్వాత అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలి? ఆయన నోరు తెరవకముందే నా నోట్లోంచి వచ్చింది.

“ఆ ఇంట్లో ఎదిగిన పిల్ల ఉందండీ.”

అంతే. ఆయన ముఖం మారిపోయింది. ఇంకేమీ అడగలేదు. నేనూ ఇంకేమీ చెప్పలేదు. అందులో అబద్ధం లేదని ఏళ్ల తరబడి నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ పిల్ల ఉంది, ఎదిగింది, ఇల్లు అదే. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా మనిషిని ముంచవచ్చని, ఆ విద్య మా ఇంటి రక్తంలోనే ఉందని నాకు ఆ రోజే తెలిసి ఉండాలి. ఆ ఆడపిల్ల పేరుకు ఏమవుతుందో అనే ఆలోచన నాకు ఆ పూటే కాదు, ఆ ఏడాదంతా రాలేదు.

కోటేశ్ లోపలికి వెళ్లి గంట తర్వాత వచ్చాడు. జేబు మీద బిళ్ల లేదు. నన్నేమీ అడగకుండా చొక్కాలు మడిచి పెట్టుకున్నాడు. ఊరందరికీ భోజనాలు పెట్టి కొడుకును సేవకు పంపిన తల్లి ఎదుటికి, ఇంకా పదకొండు నెలలుండగానే, మధ్యాహ్నం బస్సులో వెళ్లాడు. ఎందుకు పంపేశారన్న సంగతి అతనికంటే ముందే తల్లాడ చేరింది. తర్వాత ఎప్పుడో పెద్దాయన నాతో అన్నాడు, ఎంత అడిగినా ఆ అబ్బాయి నీ మీద ఒక్క మాట చెప్పలేదు అని. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను తల ఊపాను. రెండేళ్లూ ముగించి, దండ వేయించుకుని ఇంటికి వచ్చాను.

ఇప్పుడు ఖమ్మంలోనే ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. కోటేశ్ మిర్చి యార్డులో కాంటా వేస్తాడు. పోయిన ఎండాకాలం బస్టాండులో ‘అన్నా’ అని పిలిచాడు. గుర్తుపట్టనట్టు చూశాను. కోటేశ్‌ను అన్నా, అని తనే చెప్పి, అమ్మ ఎట్లున్నదని అడిగాడు. బాగుందని చెప్పి, నాది కాని బస్సెక్కాను.

వెళ్లి చెప్పేయవచ్చు కదా అంటారు మీరు. క్షమించమని అడిగితే అతను అక్కడికక్కడే క్షమిస్తాడు, కాంటా కూడా ఆపకుండా. నా భయం అదే. అతని చేతి నుంచి అది తీసుకోవడానికి నా నడుము ఇప్పటికీ వంగడం లేదు. కాబట్టి ఇది క్షమాపణ కాదు. ఆ రోజు పెద్దాయనకు ఇవ్వాల్సిన జవాబును ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి పెట్టాలనిపించింది. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. దానికి మించి ఏమీ అడగను.

కలిసి లేమండీ. అతను వద్దంటున్నా నేనే విడిచి వెళ్లాను. ఆ ఇంటి అన్నం తినడం నాకు నామోషీ అయింది. అతని తప్పు ఏమీ లేదు. వెళ్లిన మొదటి పూట నుంచే ఆ పిల్లను అతను ‘చెల్లె’ అని పిలిచాడు. నేను విన్నాను.