ఇంటికి పంపే బటన్

ఢిల్లీ కంటోన్మెంట్‌లో మా క్వార్టరు ముందుగదిలో, కూలరు చెమ్మకు ఉబ్బిన గోడ పక్కన మా పాత కంప్యూటర్ ఉండేది. తొమ్మిదో తరగతి చదివే నేను అందులోని ఒక ఆటలో ప్రాచీన రాజ్యానికి రాణిని. ఉన్నది ఒక్క ఊరు, దాని చుట్టూ కాసిని చేలు. పొరుగురాజు సరిహద్దులో కనిపించాడని బెదిరిపోయి, ఉన్న బంగారమంతా పోసి బల్లెగాళ్లనూ గుర్రపు దళాన్నీ తయారుచేసుకున్నాను.

ఆ ఆటలో సైన్యం ఊరికే నిలబడ్డా తింటుంది. నా వంతు ముగిసిన ప్రతిసారీ వాళ్ల జీతాలు పోయి ఖజానా తరిగేది. కాలువ తవ్విస్తే పంట పెరుగుతుంది, కానీ కాలువకు డబ్బేదీ? పొరుగూరు గెలుద్దామంటే దాని గోడలు చూస్తేనే నీరసం వచ్చేది. ఖజానా అడుగంటితే జనం తిరగబడతారు, రాజ్యం పోతుంది. చేతులు కట్టేసినట్టు కూర్చునేదాన్ని.

దారి ఒకటుంది. దళాలను రద్దు చేసి ఇంటికి పంపేయడం. దానికో బటన్ ఉంది. బళ్లో ఇదే ఆట ఆడే సివిలియన్ల పిల్లలు దాన్ని ఇట్టే నొక్కేసేవారు. నాకు మాత్రం చెయ్యాడేది కాదు. నాన్న సైన్యంలో హవల్దార్. సర్వీసు పొడిగించరని ఆ వేసవిలోనే తేలిపోయింది. నలభై దాటీ దాటని మనిషి పెన్షనరు అవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోవాలని అమ్మ మంచం కింది నల్ల ట్రంకులు లాగి దులుపుతోంది. ఆ బటన్ నొక్కితే నా బల్లెగాళ్లు కూడా ట్రంకులు సర్దుకుంటారనిపించేది. పిచ్చంటే పిచ్చే.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"మొకం అలగెట్టీసినావేటమ్మా?"

"పైసే ఖతమ్ హో రహే హైఁ నాన్నా. వీళ్లకి జీతాలివ్వడానికి డబ్బులు లేవు."

"యుద్ధమేటైనా ఉందా?"

"లేదు."

"మరీళ్లనెందుకు మేపుతన్నావు? పంపీ."

"వాళ్లేం తప్పు చేయలేదు కదా."

నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"తప్పు సేస్తేనే పంపుతారేటి?" అని, నా చేతిలోని మౌస్ తీసుకున్నాడు. బటన్ ఎక్కడని అడిగి, తనే నొక్కాడు. నిజంగానేనా అని ఆట అడిగితే, అవునని మళ్లీ నొక్కాడు. గుర్రపు దళం మాయమైంది. తర్వాత బల్లెగాళ్లు. ఖజానా తరగడం ఆగింది. నాకు రవ్వంత సంతోషం కూడా కలగలేదు.

వాళ్లు నిలబడ్డ చోట ఇప్పుడు పచ్చిక ఉంది. నాన్న అటే చూస్తున్నాడు.

"ఇప్పుడీళ్లు ఎక్కడికెల్తారు?"

"అది చూపించరు నాన్నా. చేలల్లో పని చేసుకుంటారేమో."

"అచ్ఛా," అన్నాడు, పై అధికారి మాట విన్నట్టుగా. తర్వాత వెళ్లి అమ్మతో పాటు ట్రంకు పట్టుకున్నాడు.

నాకప్పుడు ఏడుపొచ్చింది. ఊళ్లో మాకు చేను లేదు.